గుండెపోటు ముప్పు తెలుసుకునే రక్తపరీక్షలు: ఏవి చేయించాలి, శాంపిల్ ఎలా ఇవ్వాలి, రిపోర్టు ఎలా చదవాలి

గుంటూరు కొత్తపేటలోని ఒక ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లుగా రక్తం తీస్తున్నాను. పొద్దున ఆరున్నరకు షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉంటారు. వాళ్లలో ఒకరైనా అడుగుతారు: "బాబూ, గుండె బాగుందో లేదో తెలిసే టెస్టు ఏదుంటే అది చెయ్యి."

ఆ ఒక్క టెస్టు అంటూ లేదు. ఐదారు టెస్టులున్నాయి. వాటిని సరిగ్గా ఎంచుకుని, శాంపిల్ సరిగ్గా ఇచ్చి, అంకెల్ని సరిగ్గా చదువుకుంటే ముప్పు ఏ మాత్రం ఉందో బాగానే అంచనా దొరుకుతుంది. ఈ మూడింట్లో జనం ఎక్కువగా బోల్తా పడేది చివరిదాంట్లో. అంకె పక్కన స్టార్ గుర్తు లేకపోతే అంతా బాగున్నట్టే అనుకుంటారు. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే మా పెదనాన్న కొడుకు కూడా అలాగే అనుకున్నాడు. ఆయన రిపోర్టునే ముందు పెట్టుకుని చెబుతాను. నేను టెక్నీషియన్ని, డాక్టర్ని కాను. మందుల విషయం డాక్టర్‌తోనే తేల్చుకోండి.

నొప్పి ఉంటే ల్యాబ్‌కి రాకండి

పోయిన వేసవిలో ఒకాయన చొక్కా తడిసిపోయేంత చెమటతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "గ్యాస్ పట్టేసినట్టుంది తమ్ముడూ, రాత్రి నుంచీ ఇంతే. ఎందుకైనా మంచిది, కొలెస్ట్రాల్ చూసి చెప్పు" అన్నాడు. సూది పక్కన పెట్టేసి, వీల్‌చైర్‌లో కూర్చోబెట్టి పక్క సందులోని ఆస్పత్రికి తోసుకెళ్లాం. ఈసీజీ తీస్తే గుండెపోటే.

ముప్పు పరీక్ష వేరు, గుండెపోటు పరీక్ష వేరు. కొలెస్ట్రాల్ లాంటివి రేపటి ముప్పును చెబుతాయి. ఈ నిమిషంలో గుండె కండరం దెబ్బతింటోందా అన్నది చెప్పేది ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష. అది కూడా నొప్పి మొదలైన వెంటనే పెరగకపోవచ్చు. అందుకే ఆస్పత్రిలో కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. మొదటిసారి నెగెటివ్ వచ్చిందని ఇంటికెళ్లి పడుకోవడం ప్రమాదం. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఉన్నట్టుండి ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. ఆడవాళ్లలోనూ, షుగర్ ఉన్నవాళ్లలోనూ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంగానే కనిపించవచ్చు.

మొదటి మెట్టు: ఒక కాగితం, ఒక పెన్ను

ల్యాబ్‌కి రాకముందే సగం సమాచారం మీ ఇంట్లోనే ఉంది. ఒక కాగితం మీద ఇవి రాయండి: అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా, స్టెంట్ వేశారా, వస్తే ఎన్నో ఏట. మగవాళ్లకు 55 లోపు, ఆడవాళ్లకు 65 లోపు వచ్చి ఉంటే దాన్ని చిన్న వయసులో వచ్చిన జబ్బు కింద లెక్కేస్తారు. అది మీకూ ముప్పే. "మా నాన్న పోయింది హార్ట్ ఎటాక్‌తోనే, కానీ అప్పటికి వయసైపోయింది లెండి" అంటారు. ఎంత వయసంటే "యాభై రెండు" అంటారు! మా పెదనాన్న విషయంలో అన్నయ్య చెప్పిన జవాబు అదే.

తర్వాత బీపీ, సిగరెట్టు లేదా చుట్ట, షుగర్, బొడ్డు దగ్గర నడుము కొలత. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మన భారతీయుల లెక్కలో ఎక్కువే. టైలర్ టేపుతో కొలవండి. ప్యాంటు సైజు నమ్మకండి, ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది.

ఏ వయసులో మొదలుపెట్టాలి? కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొదటి లిపిడ్ పరీక్ష, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, 18 ఏళ్లకే. ఇంట్లో చిన్న వయసులో గుండెజబ్బు వచ్చినవాళ్లుంటే ఇంకా ముందే. మనం నలభై దాటాకగానీ ఆ వైపు చూడం. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లోనే తేల్చిన సంగతి ఒకటుంది: దక్షిణాసియా వాళ్లకు గుండెపోటు మిగతావాళ్లకంటే కొన్నేళ్లు ముందే వస్తోంది.

రెండో మెట్టు: ఏవి అడగాలి

ప్యాకేజీల జోలికి పోకుండా విడివిడిగా అడిగితే ఇవి చాలు:

- లిపిడ్ ప్రొఫైల్
- పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్
- క్రియాటినిన్, దాంతోపాటు మూత్రపిండాలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్క
- టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్
- లైపోప్రొటీన్-ఏ, అంటే కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం, జీవితంలో ఒక్కసారి

షుగరో బీపీయో ఉన్నవాళ్లు మూత్రంలో ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి కూడా చూపించుకోవాలి. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలతోపాటు రక్తనాళాలూ దెబ్బతింటూ ఉండొచ్చని అర్థం. థైరాయిడ్ ఎందుకని చాలామంది అడుగుతారు. థైరాయిడ్ బాగా తక్కువైతే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ముందు దాన్ని సరిచేస్తే కొలెస్ట్రాల్ కొంత దానంతటదే దిగుతుంది.

"ఎనభై టెస్టులు, సగం ధర" ప్యాకేజీలు తప్పని అనను. కానీ ఆ ఎనభైలో పైన చెప్పిన లైపోప్రొటీన్-ఏ ఉందో లేదో చూడండి. రిపోర్టులో ‘ఎల్‌పీ’ అని రాసి, పక్కన బ్రాకెట్లో చిన్న ‘ఏ’ ఉంటుంది. ప్యాకేజీల్లో తరచుగా కనిపించే అపోలైపోప్రొటీన్ ఏ-1 వేరే టెస్టు. పేర్లు దగ్గరగా ఉండటంతో కౌంటర్లో కూర్చున్న పిల్లలు కూడా ఒకదాని బదులు ఇంకోటి రాసేస్తారు. బిల్లు చదువుకుని డబ్బులు కట్టండి.

ఎక్కడ చేయించాలన్నది మీ ఇష్టం. గుంటూరులో కొత్తపేట, విజయవాడలో సూర్యారావుపేట అడుగడుక్కీ ల్యాబులే. రెండు ఊళ్లలోనూ పెద్దాస్పత్రులున్నాయి, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ప్రైవేటు ల్యాబైతే ఎన్ఏబీఎల్ గుర్తింపు, అంటే ల్యాబుల నాణ్యత చూసే జాతీయ బోర్డు ఇచ్చే గుర్తింపు, ఉందేమో అడగండి. ఆ గుర్తు రిపోర్టు మీదే ఉంటుంది. ఒకసారి ఎక్కడ చేయించారో మళ్లీ అక్కడే చేయించుకుంటే మంచిది. అప్పుడే పాత అంకెతో కొత్త అంకెను పోల్చి చూడటానికి వీలవుతుంది.

మూడో మెట్టు: ముందు రోజు, ముందు వారం

ఒకసారి ఒక కుర్రాడి శాంపిల్ మెషిన్‌లో తిప్పి బయటికి తీశాను. మామూలుగా రక్తకణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు రంగులో తేటగా సీరం కనిపిస్తుంది. ఆ ట్యూబులో పైన చిక్కటి పాలు పోసినట్టుంది. ట్యూబు వెనక వేలు పెడితే వేలు కనపడలేదు. ముందు రాత్రి పెళ్లి విందు, దానికి తోడు మందు. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, ఎంతో చెప్పనక్కర్లేదు, కళ్లకే కనిపించాయి. ఆ శాంపిల్‌తో కొన్ని టెస్టులు కుదరనే కుదరవు. మళ్లీ రమ్మన్నాం.

లిపిడ్ ప్రొఫైల్‌కి పరగడుపు తప్పనిసరి అన్న నియమం ఇప్పుడు సడలింది. కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తిన్నాక చేసినా పెద్దగా మారవు. ట్రైగ్లిజరైడ్లు మాత్రం మారతాయి. తిన్నాక చేసినప్పుడు అవి 400 దాటితే పరగడుపున మళ్లీ చేయించాలి. షుగర్ కూడా ఎలాగూ చూస్తాం కాబట్టి తొమ్మిది నుంచి పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో రండి, రెండు పనులూ ఒక్క సూదితో అయిపోతాయి. మంచినీళ్లు తాగొచ్చు, తాగాలి కూడా. మన ఎండల్లో నీళ్లు తాగకుండా వస్తే నరం దొరక్క మీకూ బాధ, మాకూ బాధ. "ఒక్క గుక్క కాఫీయేగా" అనొద్దు. అందులో పాలూ చక్కెరా ఉంటాయి.

బీపీ మాత్ర మానకండి, నీళ్లతో వేసుకునే రండి. టిఫిన్‌తో వేసుకునే షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మాత్రం శాంపిల్ ఇచ్చాక తినేటప్పుడే. సందేహముంటే ముందే మీ డాక్టర్ని అడగండి. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నవాళ్లు "అసలు ఎంతుందో చూద్దాం" అని సొంతంగా వారం ఆపేసి వస్తుంటారు. ఆ పని చేయొద్దు. మాత్ర పనిచేస్తోందా లేదా అన్నదే డాక్టరుకు కావాల్సింది. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి, థైరాయిడ్ లాంటి కొన్ని పరీక్షల అంకెల్ని అది తారుమారు చేస్తుంది.

ఎప్పుడు చేయించకూడదో కూడా చెప్పాలి. జ్వరం, ఆపరేషన్, పెద్ద ఇన్‌ఫెక్షన్ తర్వాత కొన్ని వారాలు ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. గర్భిణులకు సహజంగానే కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇక మన ఊరి తంతు ఒకటుంది: సంక్రాంతి అరిసెలు, కోడి కూరలు అయ్యాక జనవరిలో పరిగెత్తుకొచ్చి "ట్రైగ్లిజరైడ్లు పెరిగాయి" అని బెంగపడేవాళ్లు ఒక రకం. అయ్యప్ప మాల నలభై ఒక్క రోజులు ఉండి, మాల తీసిన మర్నాడు టెస్టు చేయించుకుని "అంతా నార్మల్" అని సంబరపడేవాళ్లు ఇంకో రకం. మీ ఒంటి సంగతి తెలియాలంటే ఏ ప్రత్యేకతా లేని మామూలు నెలలో రండి.

నాలుగో మెట్టు: కుర్చీలో

మూడంతస్తులు మెట్లెక్కి వచ్చిన వెంటనే చెయ్యి చాపకండి. ఐదు నిమిషాలు కూర్చోండి. నిలబడి ఉన్నప్పుడు, కూర్చున్నప్పుడు రక్తం చిక్కదనంలో తేడా ఉంటుంది. ఆ తేడా కొలెస్ట్రాల్ అంకెలోనూ కనిపిస్తుంది. చేతికి కట్టే రబ్బరు పట్టీ నిమిషానికి మించి బిగించి ఉంచకూడదు. నరం వెతుకుతూ ఎక్కువసేపు ఉంచేస్తే "ఒకసారి విప్పి మళ్లీ కట్టు బాబూ" అని అడిగే హక్కు మీకుంది.

పసుపు మూత ట్యూబు లిపిడ్లకు, థైరాయిడ్‌కి. ఊదా మూతది హెచ్‌బీఏ1సీకి. బూడిదరంగు మూతది షుగర్‌కి. ఈ చివరిదాంట్లో ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకపోతే ట్యూబులో ఉన్న కణాలే చక్కెరను తింటూ పోతాయి. గంటకు ఐదారు శాతం దాకా షుగర్ తగ్గిపోవచ్చు. ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే అబ్బాయి మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బండి మీద నాలుగిళ్లు తిరిగి ల్యాబ్‌కి చేరేది ఎప్పటికో! ఐస్ ప్యాక్ ఉన్న పెట్టె తెచ్చాడా, బూడిద మూత ట్యూబు వాడాడా చూసుకోండి. ట్యూబు మీద మీ పేరు, వయసు మీ కళ్లముందే రాయించండి. మా దగ్గర ఒకే పేరున్నవాళ్లు ఒకే రోజు ముగ్గురు వచ్చిన సందర్భాలున్నాయి.

ఐదో మెట్టు: రిపోర్టు

అన్నయ్యకు నలభై ఆరేళ్లు. ఏడాది కిందట వేరే చోట ప్యాకేజీ చేయించుకున్నాడు. పద్నాలుగు పేజీల రిపోర్టు. కౌంటర్లో ఉన్నవాళ్లు తిరగేసి "కొలెస్ట్రాల్ నార్మలే సార్" అన్నారట. దాన్ని మడిచి బీరువాలో పెట్టేశాడు. ఏడాది పోయాక ఏదో మాటల్లో నాకు చూపించాడు. ఆ పేజీలో ఉన్నది ఇదీ, అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో:

మొత్తం కొలెస్ట్రాల్ 198. ట్రైగ్లిజరైడ్లు 212. హెచ్‌డీఎల్ 34. ఎల్‌డీఎల్ 121.6.

మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపుంది కాబట్టి స్టార్ లేదు. ఎల్‌డీఎల్ 130 లోపుంది కాబట్టి దానికీ స్టార్ లేదు. అందరూ చూసేది ఆ రెండే.

మొదట హెచ్‌డీఎల్ చూడండి. మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 కంటే తక్కువైతే తక్కువే. ట్రైగ్లిజరైడ్లు 150 లోపుండాలి. ఈ రెండూ కలిసి చెడటం మనవాళ్లలో మరీ ఎక్కువ. అన్నం, పిండివంటలు ఎక్కువ, నడక తక్కువ, పొట్ట ముందుకు: ఆ జీవితానికి రక్తంలో కనిపించే బొమ్మ ఇది. ఇలాంటివాళ్లలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఎల్‌డీఎల్ అంకె మాత్రం వాటిలోని కొలెస్ట్రాల్ బరువునే చెబుతుంది, కణాలు ఎన్నో చెప్పదు. ఒకే బరువు సరుకు నాలుగు లారీల్లో వచ్చినా పది ఆటోల్లో వచ్చినా కాటా మీద ఒకటే, రోడ్డు జామ్ అయ్యేది ఆటోలతోనే. ఈ మాట చెబితే యార్డు మనిషి కాబట్టి అన్నయ్యకు వెంటనే ఎక్కింది.

ఇంకో సంగతి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కకడతారు. 1972 నుంచి వాడుతున్న ఫార్ములా అది: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేయడం. 198లోంచి 34, 42.4 తీసేస్తే 121.6. వీఎల్‌డీఎల్ అని రాసే అంకె ఆ ఐదో వంతే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క చెల్లదు, అప్పుడు "డైరెక్ట్ ఎల్‌డీఎల్" అడగాలి.

ఇప్పుడు మీరే ఒక తీసివేత చేయండి. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. అన్నయ్యది 198 తీసివేత 34, అంటే 164. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు. రక్తనాళాల గోడల్లో చేరే చెడు కొవ్వంతా ఇందులో ఉంటుంది. పరగడుపు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. 2024 మార్గదర్శకాల్లో తక్కువ ముప్పు ఉన్నవాళ్లకే ఇది 130 లోపుండాలన్నారు, ఎల్‌డీఎల్ 100 లోపు. షుగర్, బీపీ లాంటివి ఉండి ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్ 70 లోపు, నాన్-హెచ్‌డీఎల్ 100 లోపు. ఇప్పటికే గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకు 55, 85. రిపోర్టు కుడి పక్కన అచ్చేసే "నార్మల్ రేంజ్" అందరికీ ఒకటే ఉంటుంది. మీకు ఉండాల్సిన అంకె ఆ కాలమ్‌లో ఉండదు, మీరు మొదటి మెట్టులో రాసిన కాగితంలో ఉంటుంది.

ఎల్‌డీఎల్ 190 దాటితే అది తిండి వల్ల వచ్చిందని సరిపెట్టుకోకండి. వంశపారంపర్యంగా వచ్చే కొలెస్ట్రాల్ జబ్బేమో డాక్టర్ చూడాలి. ఇంట్లో మిగతావాళ్లకూ టెస్టు చేయించాలి.

షుగర్ విషయం క్లుప్తంగా: హెచ్‌బీఏ1సీ 5.7 లోపు మామూలు, 5.7 నుంచి 6.4 దాకా షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 నుంచి షుగర్. అన్నయ్యది 6.1. ఇనుము తక్కువై రక్తహీనత ఉన్నవాళ్లకు ఈ అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పక్కన పెట్టుకుని చదవాలి. ఈజీఎఫ్ఆర్ 60 కంటే తగ్గి, మూడు నెలల తర్వాతా అలాగే ఉంటే మూత్రపిండాల జబ్బు కిందే లెక్క. దాంతో గుండె ముప్పూ పెరుగుతుంది.

ఆరో మెట్టు: జీవితంలో ఒక్కసారి చేసే టెస్టు

లైపోప్రొటీన్-ఏ మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఉండదు. విడిగా అడగాలి, ధర కూడా ఎక్కువే. ఇది పుట్టుకతో వచ్చేది. తిండి మానేసినా, పరిగెత్తినా దాదాపు మారదు, అందుకే ఒక్కసారి చాలు. డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో 30 లోపుంటే నిశ్చింత, 50 దాటితే ముప్పు ఎక్కువ. కొన్ని ల్యాబులు లీటరుకు నానోమోల్స్‌లో ఇస్తాయి, అక్కడ హద్దు 125. రెండు కొలమానాలూ వేరు, గుణించి మార్చుకోకండి. "సన్నగా ఉన్నాడు, ఏ అలవాటూ లేదు, ఎందుకొచ్చిందో" అని జనం ఆశ్చర్యపోయే గుండెపోట్లలో కొన్నింటి వెనక ఉండేది ఇదే. అన్నయ్యకు చేయిస్తే 68 వచ్చింది. పెదనాన్న యాభై రెండో ఏట ఎందుకు పోయాడో మా ఇంట్లో అప్పుడు కొంత అర్థమైంది.

కొలెస్ట్రాల్ తగ్గించే మామూలు స్టాటిన్ మాత్రలతో ఇది తగ్గదు. మరి తెలుసుకుని ఏం లాభం అంటే, ఇది ఎక్కువున్నవాళ్లకు ఎల్‌డీఎల్, బీపీ, పొగ విషయంలో డాక్టర్లు ఇంకా గట్టిగా ఉంటారు.

ఇక అపోలైపోప్రొటీన్-బి అనే ఇంకో టెస్టు ఉంది, అది పైన చెప్పిన ఆటోల లెక్క. ఒక్కో చెడు కణానికి ఒక్కోటి చొప్పున ఉంటుంది కాబట్టి కణాలెన్నో తెలుస్తుంది. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్లకు పనికొస్తుంది. డబ్బు ఆలోచించుకోవాల్సి వస్తే నాన్-హెచ్‌డీఎల్‌తో సరిపెట్టుకోవచ్చు.

హై సెన్సిటివిటీ సీఆర్‌పీ ఒంట్లో వాపును చూపిస్తుంది. లీటరుకు మిల్లీగ్రాముల్లో 1 లోపు మంచిది, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే అది గుండె మాట కాకపోవచ్చు. జలుబో, పంట్లో చీము పట్టడమో, కీళ్ల వాపో ఉండి ఉంటుంది. రెండు మూడు వారాలాగి మళ్లీ చేయించాలి. మామూలు సీఆర్‌పీ టెస్టు దీనికి బదులు కాదు.

రక్తంలో ఉండే హోమోసిస్టీన్ అనే పదార్థాన్ని కొలిచే టెస్టు చాలా ప్యాకేజీల్లో ఉంటుంది. నా మటుకు దానికి డబ్బు పెట్టను. విటమిన్ మాత్రలతో దాన్ని తగ్గించి చూసిన పెద్ద ప్రయోగాల్లో గుండెపోట్లు తగ్గలేదు.

ఏడో మెట్టు: డాక్టర్ దగ్గరికి, మళ్లీ ల్యాబ్‌కి

రిపోర్టుతోపాటు మొదటి మెట్టులో రాసుకున్న కాగితం కూడా తీసుకెళ్లండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దక్షిణాసియాకు విడిగా ఇచ్చిన చార్టులున్నాయి. వయసు, పొగ, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూసి పదేళ్ల ముప్పు ఎంత శాతమో అంచనా వేస్తారు. కుటుంబ చరిత్ర, లైపోప్రొటీన్-ఏ ఆ చార్టులో ఉండవు కాబట్టి ఆ రెండూ మీరే నోరు తెరిచి చెప్పాలి. అవసరమనుకుంటే గుండె నాళాల్లో సున్నం ఎంతుందో చూసే సీటీ స్కాన్ రాస్తారు.

ఒక్క రిపోర్టు చూసి కంగారు పడొద్దు. ఏ మార్పూ లేకపోయినా కొలెస్ట్రాల్ రోజుకూ రోజుకూ ఐదు నుంచి పది శాతం అటూఇటూ అవుతుంది. ట్రైగ్లిజరైడ్లు ఇంకా ఎక్కువ ఊగుతాయి. మందు మొదలుపెడితే నాలుగు నుంచి పన్నెండు వారాల మధ్య మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయించాలి. అంకె దిగగానే "తగ్గిపోయిందిగా" అని మాత్ర ఆపేసేవాళ్లను నెలకు పదిమందినైనా చూస్తాను. దిగింది మాత్ర వల్ల, ఆపితే మళ్లీ ఎక్కుతుంది.

అన్నయ్యకు డాక్టర్ స్టాటిన్ రాసి, ఎల్‌డీఎల్ 70 లోపుకు రావాలన్నారు. పొద్దున్నే నడక మొదలైంది, యార్డులో రోజుకు ఆరుసార్లు తాగే టీ రెండుకు దిగింది, అదీ చక్కెర లేకుండా. ఎనిమిది వారాలకు వచ్చాడు. మొత్తం 134, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 160, ఎల్‌డీఎల్ 66. నాన్-హెచ్‌డీఎల్ తనే కాగితం మీద లెక్కేసి 98 అని రాసి నాకు చూపించాడు.

ఆ రోజు వాళ్లబ్బాయిని కూడా వెంట తెచ్చాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు, ఇరవై ఏళ్లు. "నాకెందుకు బాబాయ్, నేను జిమ్‌కి వెళ్తున్నాగా" అంటూనే చెయ్యి చాపి, సూది కనపడగానే మొహం గోడవైపు తిప్పేశాడు. లిపిడ్లు ముత్యాల్లా ఉన్నాయి. లైపోప్రొటీన్-ఏ 61.